బోరునీళ్లలో పెట్రోలు వాసన: నేలలో, భూగర్భజలంలో ఇంధన కాలుష్యాన్ని ఎలా నిర్ధారించుకోవాలి

"మా బోరునీళ్లు పెట్రోలు వాసన వస్తున్నాయి, దగ్గర్లో బంకు ఉంది, ఏ పరీక్ష చేయించాలి, ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగేవారు ఎక్కువవుతున్నారు. అలా అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక పరీక్ష చేయించి ఉంటారు. ఖాళీ ప్లాస్టిక్ సీసాలో కుళాయి నీళ్లు పట్టి దగ్గరి ల్యాబ్‌లో ఇస్తే, నాలుగు రోజులకు "నూనె, గ్రీజు లేవు" అని కాగితం వస్తుంది. ఇక ఆ కాగితమే వారి మాటకు అడ్డుగోడ అవుతుంది. వారి ముక్కు తప్పు చెప్పలేదు, ల్యాబ్ కూడా అబద్ధం రాయలేదు. నీళ్లు పట్టిన తీరు, అడిగిన పరీక్ష, ఈ రెండూ పెట్రోలును పట్టుకోగలిగేవి కావు. అందుకే ఇక్కడ నమూనా తీయడం గురించి మిగతా విషయాలకంటే వివరంగా రాస్తున్నాను.

ఇది సొంత బోరు లేదా బావి ఉన్నవారికోసం, కాలనీ సంఘాలకోసం, ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న యువ ఇంజనీర్లకోసం రాసినది. ఇంట్లోవారు తామే చేసుకోగలిగిన పని ఏదో, నిపుణులకు వదిలేయవలసిన పని ఏదో ఎక్కడికక్కడ చెబుతాను.

ముందుగా, ఈ రోజే చేయవలసినవి

ఆ నీటిని తాగడం, వంటకు వాడడం ఆపండి. మరిగిస్తే సరిపోతుందని అనుకోకండి. మరిగేటప్పుడు పెట్రోలులో ఉండే బెంజీన్ వంటి ఆవిరయ్యే పదార్థాలు నీటిని వదిలి వంటగది గాలిలో కలుస్తాయి. అదే కారణంతో ఆ నీటిని వేడిచేసి మూసిన స్నానాలగదిలో స్నానం చేయడం కూడా మంచిది కాదు. ఇంట్లోని ఆర్.ఓ. యంత్రాన్ని కూడా దీనికి నమ్ముకోవద్దు. అందులోని కార్బన్ ఫిల్టర్ కొంత పట్టుకుంటుంది కానీ, అది ఎప్పుడు నిండిపోయిందో మీకు తెలియదు.

బావిలో పెట్రోలు ఉందేమో చూడడానికి అగ్గిపుల్ల వెలిగించి వేసేవారున్నారు. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కనుక బావి అడుగున, సెల్లార్‌లో, లిఫ్టు గుంటలో, మ్యాన్‌హోల్‌లో పేరుకుంటుంది. బావిలోకి దిగవద్దు, ఎవరినీ దించవద్దు. బావిలో ఊపిరాడక ఒకరు పడిపోతే, అతన్ని తీయడానికి దిగిన మరొకరు కూడా ప్రాణం పోగొట్టుకున్న వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. సెల్లార్‌లో ఘాటుగా పెట్రోలు వాసన వస్తుంటే స్విచ్చులు వేయకండి, ఆపకండి. అందరినీ బయటకు పంపి 101కు ఫోన్ చేయండి. ఈ వ్యాసంలోని మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

తెలుసుకోవలసిన కొద్దిపాటి సంగతి

కారిన పెట్రోలు, డీజిలు మట్టిలోకి ఇంకుతూ దిగి, నీటికంటే తేలిక కావడంవల్ల నీటిమట్టంపై తేలుతాయి. దారిలో కొంత మట్టి రేణువుల మధ్య చిక్కుకుంటుంది, కొంత ఆవిరవుతుంది, కొంత నీటిలో కరిగి ప్రవాహంతో దూరం వెళుతుంది. కాబట్టి తేలే పొర, మట్టిలో చిక్కినది, నీటిలో కరిగినది, ఆవిరి, ఈ నాలుగింటినీ వేర్వేరుగా వెతకాలి. ఒకచోట దొరకనంత మాత్రాన మిగతా మూడుచోట్ల లేదని కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నేలలో నీరు లోతు తక్కువలోనే ఉంటుంది, ప్రవాహ దిశను కొంతవరకు ఊహించవచ్చు. తెలంగాణలోను, రాయలసీమలో చాలా చోట్ల పైన మొరం, కింద గ్రానైటు రాతి పగుళ్లు ఉంటాయి. అక్కడ కాలుష్యం పగులు పట్టుకుని పోతుంది కనుక, పక్కింటి బోరు శుభ్రంగా ఉండి వీధి చివరి బోరు పాడైపోవచ్చు.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, బాల్‌పెన్ను, కొలటేపు, నీటిమట్టం కొలిచే టేపు కావాలి. టేపు చివర కట్టే బరువు ఇత్తడిదై ఉండాలి, ఇనుముదైతే రాతికి తగిలి రవ్వ లేచే ప్రమాదం ఉంటుంది. నైట్రైల్ చేతితొడుగులు, కొత్త నైలాన్ తాడు, వెడల్పు మూతి గాజు సీసా, ఐసు పెట్టె సిద్ధం చేసుకోండి. ల్యాబ్ నుంచి తెచ్చుకోవలసినవి: లోపల టెఫ్లాన్ పొర ఉన్న మూతలతో 40 మిల్లీలీటర్ల గాజు వయల్స్ (చిన్న సీసాలు) ఒక్కో చోటికి కనీసం మూడు, డీజిల్ అనుమానం ఉంటే లీటరు పట్టే ముదురు గోధుమరంగు గాజు సీసా, ల్యాబ్‌లోనే శుద్ధజలంతో నింపి మూసిన వయల్స్ ఒక జత. ఈ సీసాలు ఇవ్వలేమని చెప్పే ల్యాబ్‌కు ఈ పరీక్ష ఇవ్వకండి.

1. వాసన వేరేదేమో చూసుకోండి

కొత్తగా పైపులు అతికించిన ఇంట్లో పీవీసీ జిగురు వాసన వారాలపాటు నీళ్లలో రావచ్చు. దాన్ని పెట్రోలు అనుకునేవారు చాలామంది. కొత్తగా వేసిన బోరులో కంప్రెసర్ నూనె, బోరు లారీ నుంచి పడిన డీజిల్ ఉండవచ్చు. మోటారు నుంచి నూనె, గ్రీజు కారవచ్చు. కుళ్లిన గుడ్ల వాసనైతే అది హైడ్రోజన్ సల్ఫైడ్, ఇంధనం కాదు.

నీటిపై రంగురంగుల తెట్టు కనిపిస్తే పుల్లతో కదపండి. పలకలుగా విరిగి, విరిగిన ముక్కలు మళ్లీ కలవకపోతే అది ఇనుప బాక్టీరియా తెట్టు. వెంటనే సాగి మళ్లీ కలిసిపోతే నూనె.

వాసన మొదలైన తేదీ, ఏ వేళలో ఎక్కువ, వాన తర్వాత పెరిగిందా తగ్గిందా, మోటారు వేసిన మొదటి నిమిషంలోనా లేక పది నిమిషాలకా, ఇవన్నీ రాసిపెట్టండి. ఇంతకీ, వాసన లేకపోవడం శుభ్రతకు రుజువు కాదు. తాగునీటిలో ఉండదగిన దానికి వందల రెట్లు బెంజీన్ ఉన్నా మనిషి ముక్కు పసిగట్టకపోవచ్చు. అందుచేత వాసన రాని పక్క బోరును కూడా మీ జాబితాలో చేర్చండి.

2. చుట్టుపక్కల పటం గీయండి

మీ బోరు చుట్టూ అర కిలోమీటరు మేర నడిచి చూసి, ఇంధనం నిల్వ ఉన్న, వాడిన, ఒలికిన ప్రతి చోటునూ పటంలో గుర్తించండి. బంకు ఒక్కటే కాదు. మూతపడిన పాత బంకు, బస్సు డిపో, లారీ షెడ్డు, బైకు మెకానిక్ దుకాణం, అపార్ట్‌మెంటు సెల్లార్‌లోని జనరేటర్, సెల్ టవర్ జనరేటర్, పొలంలో డీజిల్ ఇంజను, నేల కింద పోయే ఇంధన పైపులైను, అన్నీ చూడాలి. 2013లో చెన్నైలోని తండయార్‌పేటలో ఇళ్ల బోర్లలోకి ఇంధనం చేరినప్పుడు అది వచ్చింది భూమి కింద వేసిన పైపులైను నుంచే. పైకి ఏ ట్యాంకూ కనబడని వీధిలో కూడా కాలుష్యం రావచ్చని ఆ ఉదంతం చెబుతోంది.

ముందే ఒకరిని దోషిగా ఖాయం చేసుకుని పటం గీస్తే, ఆ పటం మీకు అక్కరకు రాదు. పాత వాడకం గురించి ఆ వీధిలో ముప్పై నలభై ఏళ్లుగా ఉన్న పెద్దలను అడగండి. ఇప్పుడు బట్టల దుకాణం ఉన్నచోట ఒకప్పుడు డీజిల్ డ్రమ్ములు ఉండేవన్న సంగతి వారే చెప్పగలరు.

3. నీరు ఎటు పారుతోందో తెలుసుకోండి

దీనికి ఒకే వరుసలో లేకుండా త్రికోణంగా ఉన్న మూడు బావులు లేదా వాడకంలో లేని బోర్లు కావాలి. వాడుతున్న బోరులో టేపు మోటారు కేబుల్‌కు చుట్టుకునే ప్రమాదం ఉంది, పైగా నీరు తోడినచోట మట్టం పడిపోయి కొలత తప్పుతుంది. చుట్టుపక్కల మోటార్లన్నీ రాత్రంతా ఆగి ఉన్న తర్వాత, తెల్లవారుజామున, మూడింటినీ ఒకే గంటలో కొలవండి.

బావి అంచుల ఎత్తుల తేడా తెలియకపోతే లోతు కొలిచి ఉపయోగం లేదు. తాపీమేస్త్రి వాడే నీటి ట్యూబ్ లెవెల్‌తో అంచుల ఎత్తులు సరిచూసుకోవచ్చు. ఉదాహరణకు మొదటి బావి అంచును 100.00 మీటర్లుగా అనుకుంటే, రెండోది 99.40, మూడోది 100.25 అని తేలిందనుకోండి. నీటి లోతులు వరుసగా 6.20, 6.40, 6.85 మీటర్లు. అంటే నీటిమట్టాలు 93.80, 93.00, 93.40. మొదటి, రెండో బావులను కలుపుతూ గీత గీయండి. మూడో బావి మట్టమైన 93.40 ఈ గీతకు సరిగ్గా సగంలో వస్తుంది. ఆ బిందువును మూడో బావితో కలపండి. అది సమమట్టపు గీత. దానికి లంబంగా, తక్కువ మట్టం ఉన్న రెండో బావి వైపుకు వేసే బాణమే ప్రవాహ దిశ. లోతు మాత్రమే చూసి ఉంటే మూడో బావిలోనే నీరు అన్నిటికంటే కిందికి ఉందని పొరబడేవారు.

బావిలో తేలే పొర ఉంటే కొలతను సవరించాలి. పెట్రోలు సాంద్రత నీటికి సుమారు 0.75 వంతు. పొర మందం 20 సెంటీమీటర్లైతే, పొర అడుగున ఉన్న నీటిమట్టానికి 15 సెంటీమీటర్లు కలపండి.

ఈ బాణం ఒండ్రు నేలలో నమ్మదగినది. రాతి పగుళ్ల నేలలో ఇది సూచన మాత్రమే. అక్కడ పెద్ద అపార్ట్‌మెంటు బోరు ఒకటి రోజంతా తోడుతుంటే కాలుష్యం వాలుకు ఎదురుగా కూడా దాని వైపుకు లాగబడుతుంది.

4. తేలే పొర ఉందేమో చూడండి

వెడల్పు మూతి గాజు సీసాకు ఇత్తడి బరువు కట్టి, మూతి నీటిమట్టం వద్దకు వచ్చేవరకు మెల్లగా దించి, పైపొర సీసాలోకి పారేలా పట్టుకుని తీయండి. అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురులో చూడండి. నిపుణులకు పొరను కొలిచే ఇంటర్‌ఫేస్ ప్రోబ్ ఉంటుంది. అది లేకపోతే, బంకులో ట్యాంకు కొలిచే డిప్ రాడ్‌కు పూసే వాటర్ ఫైండింగ్ పేస్టు ఇక్కడ ఉపయోగపడుతుంది. అది నీరు తగిలిన మేరకే రంగు మారుతుంది కాబట్టి ఇంధనానికీ నీటికీ మధ్య హద్దు తెలుస్తుంది. ఇంధనం పైహద్దుకు వేరే పేస్టు ఉంటుంది. రెండూ పూసిన టేపును ఒకేసారి దించాలి.

బావిలో కనబడిన మందం నేలలో ఉన్న మందం కాదు. బావిలో పొర ఎక్కువ మందంగా పేరుకుంటుంది. దాన్ని విస్తీర్ణంతో హెచ్చవేసి "ఇన్ని వేల లీటర్లు కారింది" అని ఫిర్యాదులో రాయకండి. మొదటి విచారణలోనే ఆ లెక్క వీగిపోతుంది, దానితోపాటు మీ సరైన మాటలు కూడా తేలిపోతాయి.

పొర దొరికితే దాన్ని చిన్న గాజు సీసాలో విడిగా మూసి ఉంచండి. అది ఏ ఇంధనమో, అందులోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ల్యాబ్ పరీక్ష చెబుతుంది. సీసం ఉందేమో కూడా చూడమని అడగండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది కనుక, అది కనబడితే పాత బంకు కాలపు లీకు ఉందేమో ఆలోచించాలి.

5. నీటి నమూనా తీయండి

పాటించవలసినవి ఇక్కడే ఎక్కువ, తొందరపడి వదిలేసేవి కూడా ఇక్కడే ఎక్కువ. మేడమీది ట్యాంకు నుంచి, సంపు నుంచి, ఫిల్టర్ తర్వాతి కుళాయి నుంచి తీయకండి. నీరు పైనుంచి ట్యాంకులో పడేటప్పుడే ఆవిరయ్యే పదార్థాలు చాలావరకు ఎగిరిపోతాయి. బోరు తలకు అతి దగ్గరి కుళాయి వద్ద తీయండి. పైపులో నిలిచిన నీరు పోయేలా పదిహేను నిమిషాలు వదిలి, ఆ తర్వాత ధారను పెన్సిలంత సన్నగా తగ్గించండి. మోటారు లోతున ఉంటే పైన తేలే పొర దానికి అందదు, కాబట్టి ఈ నమూనా శుభ్రంగా వచ్చినా పైన నాలుగో అంకె కింద చెప్పిన పని మానుకోవద్దు.

పరిశీలన బావిలో (నమూనాలకోసమే వేసిన బావిలో) నిపుణులు తీసేటప్పుడు చిన్న పంపుతో నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల చొప్పున తోడుతూ, పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఆక్సిజన్ వరుసగా మూడుసార్లు దాదాపు ఒకేలా వచ్చాక నమూనా పడతారు. ఆ రీడింగుల కాగితాన్ని అడిగి తీసుకోండి.

సీసా మీద వివరాలు ముందే బాల్‌పెన్నుతో రాసి అతికించండి. మార్కర్ పెన్నుల సిరాలో టోలీన్, జైలీన్ ఉండవచ్చు. మీరు వెతుకుతున్నది సరిగ్గా ఆ పదార్థాలనే. ఆ రోజు సెంటు, దోమల మందు పూసుకోకండి. దారిలో బండికి పెట్రోలు కొట్టించుకోకండి, ముందురోజే కొట్టించుకోండి. బైకు పెట్రోలు ట్యాంకు మీది సంచిలో సీసాలు పెట్టి తేవడం కూడా తప్పే. శుభ్రమనుకున్న బోరు ముందు, అనుమానమున్న బోరు చివర, ప్రతిచోటా కొత్త చేతితొడుగులు.

వయల్‌లో ల్యాబ్‌వారు కొన్ని చుక్కల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి ఇస్తారు. దాన్ని కడగకండి, పొర్లనివ్వకండి. వయల్‌ను వాల్చి, ధార గోడ వెంట జారేలా నింపి, మూతి వద్ద నీరు ఉబ్బెత్తుగా నిలిచాక మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. బుడగ కనబడితే ఆ వయల్‌ను పక్కన పడేసి కొత్తది తీసుకోండి. పైనుంచి చుక్క వేసి సరిచేయాలని చూడకండి.

మనవైపు నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ కాబట్టి ఆమ్లం తగలగానే నురగ వచ్చి బుడగలు పుట్టవచ్చు. అలా జరిగితే ఆమ్లం లేని వయల్స్‌లో పట్టి, ఆ సంగతి కాగితంలో రాసి, ఏడు రోజుల్లోపు పరీక్ష జరిగేలా చూడండి. ఆమ్లం ఉన్నవాటికి గడువు 14 రోజులు.

నింపిన వెంటనే ఐసు పెట్టెలో తలకిందులుగా ఉంచండి. ఉష్ణోగ్రత 4 డిగ్రీల దగ్గర ఉండాలి కానీ గడ్డకట్టకూడదు, గాజు పగులుతుంది. ల్యాబ్ ఇచ్చిన శుద్ధజలపు వయల్స్‌ను మూత తీయకుండా అదే పెట్టెలో మొదటినుంచి చివరిదాకా తిప్పండి. ఒక బోరు దగ్గర రెండు సెట్లు తీసి, రెండో సెట్టుకు వేరే పేరు పెట్టి పంపండి. ఈ రెండింటికీ డబ్బు ఎక్కువవుతుందని మానేసేవారున్నారు. వేరే ఏ ఖర్చునైనా తగ్గించుకోండి కానీ దీన్ని తగ్గించుకోవద్దు, ఎందుకంటే రేపు ఎవరైనా "కాలుష్యం మీ ఐసు పెట్టెలోనే అంటింది" అంటే జవాబు చెప్పేది ఇవే.

6. నేల నమూనా

బంకు ఆవరణలోగానీ రోడ్డు పక్కనగానీ మీరు తవ్వకూడదు. కింద ట్యాంకులు, కరెంటు తీగలు, గ్యాసు పైపులు ఉంటాయి. సొంత స్థలంలో మాత్రం చేతి ఆగర్‌తో (చేత్తో తిప్పుతూ మట్టిని తొలిచి తీసే సాధనంతో) రెండు మూడు మీటర్లవరకు చూడవచ్చు. గాలి ఒత్తిడితో రాతిని తొలిచే డీటీహెచ్ బోరు బండితో మాత్రం నమూనా తీయించకండి. కంప్రెసర్ గాలి ఆవిరినంతా ఊదేస్తుంది, పైగా నూనె కూడా కలుపుతుంది.

ప్రతి అర మీటరుకు మట్టి తీసి, జిప్ సంచిలో సగం వరకు వేసి, మూసి, నలిపి, పదిహేను నిమిషాలు నీడలో ఉంచి, సంచిలోని గాలిని, ఆవిరి ఎంత ఉందో చూపే పీఐడీ అనే పరికరంతో కొలుస్తారు. ఏ లోతున రీడింగు అత్యధికమో అక్కడి మట్టినే ల్యాబ్‌కు పంపాలి. నీటిమట్టానికి కాస్త పైన ఉన్న తడి పొరను తప్పకుండా చేర్చండి, ఇంధనం ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. పీఐడీ అంకెలు ఒక లోతును మరో లోతుతో పోల్చుకోవడానికే పనికొస్తాయి, పరిమితులతో పోల్చడానికి కాదు. డీజిల్ తక్కువగా ఆవిరవుతుంది కనుక, మట్టి నల్లగా జిడ్డుగా ఉన్నా రీడింగు చిన్నదిగా రావచ్చు. మీథేన్‌ను గుర్తించే శక్తి ఈ పరికరానికి లేదు.

పెట్రోలు కోసం మట్టిని పాలిథిన్ కవరులో కట్టి పంపితే ల్యాబ్ చేరేసరికి ఏమీ మిగలదు. ముక్కు కోసిన ప్లాస్టిక్ సిరంజితో సుమారు 5 గ్రాముల మట్టిని గుచ్చి తీసి, ల్యాబ్ ముందే తూచి మెథనాల్ పోసి ఇచ్చిన వయల్‌లోకి వెంటనే నెట్టాలి. మెథనాల్ విషం, మండే ద్రవం కూడా, కాబట్టి ఈ పని అలవాటున్నవారితో చేయించండి. నల్లరేగడిలో ఎండాకాలపు బీటల వెంట ఇంధనం అడుగుకు జారిపోతుంది. బీటకు ఒక అడుగు పక్కన తీసిన మట్టి శుభ్రంగా వస్తుంది. బీటను ఆనుకున్న మట్టినే తీయండి. పని అయ్యాక ఆగర్ గుంటను బెంటొనైటుతో (తడిస్తే ఉబ్బే బంకమట్టితో) పూడ్చండి. తెరిచి వదిలితే అదే కొత్త దారి అవుతుంది.

సంస్థ చేత పరిశీలన బావులు వేయిస్తుంటే ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. చిల్లుల పైపు నీటిమట్టానికి పైనుంచి కింది వరకు, మే నెల కనిష్ఠ మట్టాన్ని, నవంబరు గరిష్ఠ మట్టాన్ని రెండింటినీ కలుపుకుని ఉండాలి. చిల్లులన్నీ నీటి కిందే ఉంటే తేలే పొర ఆ బావిలోకి ఎన్నటికీ రాదు, నివేదికలో "పొర కనబడలేదు" అని మాత్రం వస్తుంది. పైపులను మరలతో బిగించాలి, జిగురు వాడకూడదు.

7. ల్యాబ్‌కు ఏమని రాసివ్వాలి

ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందంటే చాలదు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు ఉందో తెలిపే జాబితా ఎన్ఏబీఎల్ వెబ్‌సైటులో ఉంటుంది, అందులో మీ పరీక్ష ఉందో లేదో చూడండి. "పెట్రోలు ఉందేమో చూడండి" అని కాకుండా ఇలా రాయండి: బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, ఎంటీబీఈ (పెట్రోలులో కలిపే ఒక పదార్థం), నాఫ్తలీన్ పరీక్ష గ్యాస్ క్రొమటోగ్రఫీ మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో చేయాలి; మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు సి6 నుంచి సి10 వరకు, సి10 నుంచి సి28 వరకు (ఈ అంకెలు అణువులోని కార్బన్ల సంఖ్య) విడివిడిగా ఇవ్వాలి; బెంజీన్‌కు కనిష్ఠ నివేదన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము ఉండాలి.

మొదట్లో చెప్పిన "నూనె, గ్రీజు" పరీక్ష ఎందుకు పనికిరాదంటే, ఆ పద్ధతిలో నూనెను ఒక ద్రావకంలోకి లాగి, ఆ ద్రావకాన్ని వేడిచేసి ఆవిరి చేసి, మిగిలిన జిడ్డును తూకం వేస్తారు. పెట్రోలు ఆ ద్రావకంతోపాటే వెళ్లిపోతుంది.

8. ఫలితాన్ని సరిచూసుకోండి

సంఖ్య చూసేముందు మూడు విషయాలు చూడండి. శుద్ధజలపు వయల్స్‌లో ఏమీ రాకూడదు. వస్తే ఆ పదార్థం విషయంలో మిగతా ఫలితాలు కూడా అనుమానాస్పదమే. వేరే పేరుతో పంపిన జంట నమూనాల మధ్య తేడా సుమారు 30 శాతం లోపు ఉండాలి. ల్యాబ్ చేరినప్పుడు పెట్టె ఉష్ణోగ్రత, పరీక్ష జరిగిన తేదీ నివేదికలో ఉండాలి.

ఆ తర్వాత ప్రమాణం చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి ఇచ్చిన మార్గదర్శక విలువలు లీటరుకు బెంజీన్ 10, టోలీన్ 700, ఇథైల్‌బెంజీన్ 300, జైలీన్ 500 మైక్రోగ్రాములు. అమెరికాలో బెంజీన్ పరిమితి 5. ప్రమాణాలను కొన్నిచోట్ల మిల్లీగ్రాముల్లో, కొన్నిచోట్ల మైక్రోగ్రాముల్లో రాస్తారు. 0.01 మిల్లీగ్రాము అంటే 10 మైక్రోగ్రాములని గుర్తుంచుకోండి. "50 కంటే తక్కువ" అని వచ్చిన ఫలితం శుభ్రమని చెప్పదు. 10 దాటిందో లేదో చూడగల శక్తి ఆ పరీక్షకు లేదని మాత్రమే చెబుతుంది.

ఏ పదార్థాలు ఏ పాళ్లలో ఉన్నాయన్నది కూడా ముఖ్యం. టోలీన్ ఒక్కటే ఉండి మిగతావి లేకపోతే మార్కర్ సిరా, రంగు, జిగురు అనుమానించండి. టెట్రాహైడ్రోఫ్యూరాన్ వస్తే అది పైపు జిగురుదే కావచ్చు. క్లోరోఫాం ఎక్కువగా బ్లీచింగ్ పౌడర్ వల్ల వస్తుంది. బెంజీన్ తక్కువగా ఉండి నాఫ్తలీన్, సి10 పైబడినవి ఎక్కువగా ఉంటే డీజిల్ వైపు చూడండి. ఇథనాల్ కలిపిన పెట్రోలు విషయంలో ఒక చిక్కుంది. నేలలోని సూక్ష్మజీవులు ముందుగా ఇథనాల్‌ను తింటూ అక్కడి ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి, దానితో బెంజీన్ తరగకుండా ఇంకా దూరం పోవచ్చు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వాడుకలో ఉంది కనుక దూరపు బోర్లను కూడా పరీక్షలో చేర్చడం మంచిది.

చవకైన ఇంకో ఆధారం ఉంది. కాలనీలో అన్ని బోర్లలో నైట్రేట్ ఉండి, ఒకదానిలో మాత్రం నైట్రేటూ కరిగిన ఆక్సిజనూ దాదాపు లేకుండా, ఇనుము పెరిగి ఉంటే, అక్కడ సూక్ష్మజీవులు ఏదో ఒకదాన్ని కుళ్లబెడుతున్నాయని అర్థం. అది సెప్టిక్ ట్యాంకు మురుగైనా కావచ్చు కాబట్టి దీనితోనే తీర్పు చెప్పకండి. ఏ బోరును లోతుగా పరీక్షించాలో ఎంచుకోవడానికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది.

9. మళ్లీ తీయండి

ఒక్క నమూనాతో కాలుష్యం లేదని నిర్ధారించలేరు. మే నెలలో మట్టం పడిపోయినప్పుడు ఒకసారి, వానల తర్వాత నవంబరులో ఒకసారి తీయాలి. మట్టం పెరిగినప్పుడు ఇంధనం నీటి కింద మట్టిలో చిక్కుకుని, బావిలో పొర మాయమైనట్టు కనబడుతుంది. మట్టం దిగగానే మళ్లీ వస్తుంది. వానాకాలంలో పొర పోయిందని సంబరపడి దస్త్రం మూసేసిన చోట్ల వేసవిలో వాసన మళ్లీ మొదలవుతుంది. రెండుసార్లూ అవే చోట్లు, అదే పద్ధతి, అదే ల్యాబ్ ఉండేలా చూసుకోండి.

10. ఎవరికి రాయాలి

పటం, నీటిమట్టాల పట్టిక, ఫలితాలు, నమూనా చేతులు మారిన ప్రతిసారీ సంతకం, సమయం ఉన్న కాగితం, ఇవి జతచేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, జిల్లా కలెక్టరుకు ఒకే రోజు ఇచ్చి రసీదు తీసుకోండి. పెట్రోలు నిల్వకు లైసెన్సు ఇచ్చే పెసో సంస్థకు కూడా ప్రతి పంపండి. కలుషిత ప్రదేశాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అనుమానిత ప్రదేశాలను గుర్తించి తెలపడం జిల్లా యంత్రాంగం పని అని అందులో ఉంది, ఫిర్యాదులో దాన్ని ప్రస్తావించండి. బంకు ట్యాంకుల, పైపుల లీకు పరీక్ష నివేదికను, రోజువారీ నిల్వ లెక్కలను అడగండి. ప్రభుత్వరంగ చమురు సంస్థ బంకైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. నిల్వ లెక్కలో ప్రతిరోజూ ఒకే వైపు తరుగు కనబడడం లీకుకు బలమైన సూచన.

ఉత్తరంలో "ఫలానావారు కాలుష్యం చేశారు" అని రాయకండి. "ఈ తేదీన, ఈ బోరులో, ఈ పద్ధతిలో తీసిన నీటిలో ఇంత బెంజీన్ ఉంది, మూలాన్ని కనుగొనండి" అని రాయండి. విచారణకు వచ్చేవారు తమ నమూనాలు తీస్తున్నప్పుడు మీరు పక్కన ఉండి, అదే సమయంలో జంట నమూనా మీరూ తీసుకోండి.

ఫలితం చెడుగా వచ్చిందని కోపంతోనో భయంతోనో బోరును రాళ్లతో, మట్టితో పూడ్చకండి. విచారణ ముగిసేవరకు మీ దగ్గరున్న అతి విలువైన సాక్ష్యం ఆ బోరే. మోటారుకు కరెంటు తీసేయించి, మూతకు తాళం వేసి, "తాగరాదు" అని రంగుతో రాసి ఉంచండి. చివరకు మూసేయవలసి వస్తే, పై పగుళ్లలోని కాలుష్యం కింది పగుళ్లలోకి దిగకుండా అడుగునుంచి పైదాకా సిమెంటు, బెంటొనైటు కలిపిన చిక్కటి ద్రవంతో నింపించాలి. ఆ పనిని భూగర్భజల శాఖ సలహా తీసుకుని చేయించండి.